ఆదివారం మాది, సర్టిఫికేట్ సర్కారుది

మేము పదో తరగతి చదివే ఏడు కులధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టుకున్నాం. విచారణకు మనిషి వస్తాడని రెండు రోజుల ముందే వాడలో తెలిసిపోయింది. మా నాయన గోడకున్న ఏసుప్రభువు క్యాలెండరు తీసి ట్రంకుపెట్టెలో పెట్టాడు. బైబిలు ఎక్కడ దాచాలో మా నాయనమ్మకు తోచలేదు. చివరికి గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో అడుక్కి పెట్టి, పైన బియ్యం పోసింది. వచ్చినాయన గడప దాటలేదు. బయట నులకమంచం మీద కూర్చుని, "మీరు గుడికి పోతారా, చర్చికి పోతారా?" అనడిగాడు. మా నాయన తల వంచుకుని "గుడికేనయ్యా" అన్నాడు. అందులో సగం నిజముంది. మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటారు.

ఆ రాత్రి నాయనమ్మ అన్నం ముట్టలేదు. "పేతురంతటోడే మూడుసార్లు బొంకాడు, మనం ఒక్కసారేగా" అని నాయన నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. మాకు మాత్రం పత్రం వచ్చింది. ఆ పత్రంతోనే హాస్టలు, కాలేజీ, యూనివర్సిటీ. ఇవాళ ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నామంటే ఆ పత్రం పుణ్యమే. ఆ అబద్ధం పుణ్యం కూడా.

ఈ వ్యాసం ఆ బియ్యం డబ్బా గురించి.

మూడు మాటలు

బువ్వ కోసం మతం మారారని మమ్మల్ని అనేవాళ్ళు ఊరూరా ఉన్నారు. పాలపొడికీ గోధుమరవ్వకూ అమ్ముడుపోయారని అంటారు. ఇంకోవైపు సంఘపెద్దలు, దేవుణ్ణి నమ్ముకున్నవాడికి గవర్నమెంటు చుట్టూ తిరిగే పనేమిటని వాక్యం చెబుతారు. హేతువాద, వామపక్ష మిత్రులది మూడో మాట. దేవుడూ సర్కారూ రెండూ ఊతకర్రలే, రెండూ పారేస్తేగాని మనిషి స్వతంత్రుడు కాడని వాళ్ళు అంటారు.

ఈ మూడు మాటలు మూడు దిక్కుల నుంచి వస్తున్నా మూడింటి వెనకా ఒకటే ఊహ ఉంది. ఎవరి మీదా ఆధారపడనివాడే స్వేచ్ఛగలవాడు అన్నది ఆ ఊహ. సొంత భూమి, సొంత బావి ఉన్నవాడికి ఆ ఊహ బాగానే కుదురుతుంది. ఊరి చివర, ఊరి దయ మీద బతికినవాడికి ఎట్లా కుదురుతుంది? మా పెద్దలకు ఆధారం లేని బతుకు ఎప్పుడూ లేదు. ఏ ఆధారం నుంచి ఏ ఆధారానికి కదిలారన్నదే వాళ్ళ చరిత్ర. ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని పట్టుకున్న ప్రతిసారీ వెనకటి యజమాని చేతిలోంచి బయటపడటానికే పట్టుకున్నారు. ఆ కదలికకు విశ్వాసం మొదటి అడుగు. సర్కారు రెండో అడుగు. స్వతంత్ర భారత రాజ్యం చేసిందేమిటంటే, రెండో అడుగు వెయ్యాలంటే మొదటి అడుగు వెనక్కి తీసుకోమంది. మేము చెప్పదలచుకున్నది ఇదే.

గుండ్లకమ్మ ఒడ్డున

మొదట బువ్వ సంగతి చూద్దాం. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషను పనికి పునాది వేసింది దొరలు కాదు. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరానికి ఏలూరు దాకా తిరిగినవాడు. అంతకుముందే యోగమార్గంలో గురువులను ఆశ్రయించి, తన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్నవాడు. ఏలూరులో క్రైస్తవ బోధ విని, తిరిగి వచ్చి, తనంతట తానే మిషనరీలను వెతుక్కుంటూ పోయి 1866లో భార్య నాగమ్మతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి కరువు లేదు, గంజి కేంద్రాలూ లేవు. కృష్ణకు ఇవతల రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కథా ఇట్లాంటిదే. ఆయన 1859లోనే చర్చి మిషనరీ సొసైటీ వారి దగ్గర బాప్తిస్మం పొందాడు. వీళ్ళిద్దర్నీ ఎవరూ బువ్వ చూపించి పిలవలేదు. వాళ్ళే పోయి తలుపు తట్టారు.

ఆ తలుపు కూడా అంత తేలిగ్గా తెరుచుకోలేదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడిలో పెద్దకులాల పిల్లలకే చోటు. మాలమాదిగలకు లేదు. పైకులాలు మారితే కిందివాళ్ళు వాళ్ళ వెనకే వస్తారని ఆనాటి మిషనరీల లెక్క. ఒంగోలుకు 1866లో వచ్చిన జాన్ క్లౌ ముందు కూడా అదే చిక్కు వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్ళు తేల్చి చెప్పారు. ఆ సందిగ్ధంలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం తనకు దారి చూపించిందని క్లౌ తరవాత చెప్పుకున్నాడు. మా లెక్కలో ఆ దారి చూపించింది అధ్యాయం ఒక్కటే కాదు. తలుపు దగ్గర నిలబడి కదలని మాదిగలు కూడా.

ఇక 1876-78 నాటి కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ మేర పనిని క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది ఆ మట్టిపనిలో బతికి బయటపడ్డారు. కరువు సాయం కోసమే జనం మతంలోకి వస్తున్నారన్న నింద పడుతుందని తెలిసి, ఆయన దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు నిలిపేశాడు. సాయం పంచడం ఆగాకనే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు ప్రసంగులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని. ఆ ఏడాది ఆఖరుకు ఆ సంఖ్య 9,606కు చేరింది. మిషను లెక్కల్లో ఇదొక అద్భుతం. మాకు వేరే సంగతి కనిపిస్తుంది. కూలి డబ్బులు ఇచ్చినన్నాళ్ళూ మతం ఇవ్వలేదు, కూలి ఆగాక జనం వచ్చారు. బువ్వ కోసమే అయితే ముందొచ్చి తరవాత పోవాలి. ఇక్కడ జరిగింది తలకిందులుగా.

అయితే కరువుకూ విశ్వాసానికీ సంబంధమే లేదని మేము అనం. ఆ కాలువ మీద మాదిగకు మొదటిసారి కూలి లెక్కకట్టి చేతిలో పెట్టారు. తిట్టకుండా పని చెప్పే మేస్త్రీని చూశాడు. ఆ మేస్త్రీలు ప్రసంగులే, తనవాళ్ళే. ఆకలి తీరడం వేరు, మర్యాదగా ఆకలి తీరడం వేరు. ఆ రెండోది రుచి చూసినవాడు దాని వేరు ఎక్కడుందో వెతుక్కుంటూ వస్తే దాన్ని అమ్ముడుపోవడం అంటారా?

ఏడింట ఒక రోజు

ఒంగోలు మిషనులో చేరేవాళ్ళకు మొదట చెప్పిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి మతనియమాల్లా కనిపిస్తాయి. ఊళ్ళో నిలబడి చూస్తే మూడూ శ్రమకు సంబంధించిన నియమాలే.

చచ్చిన గొడ్డు మాదిగకు హక్కుగా ఇచ్చినట్టు ఊరు చెప్పుకునేది. దాని బదులుగా రైతులకు చెప్పులు కుట్టాలి, మోటబొక్కెనలు కుట్టాలి, పిలిచినప్పుడు పోవాలి. గొడ్డును వద్దంటే ఆ మొత్తం బాకీనే వద్దన్నట్టు. విగ్రహాలకు మొక్కనంటే గ్రామదేవత కొలుపుల్లో డప్పు కొట్టనన్నట్టు. ఊరి జాతరకు తన చర్మం, తన చేతులు ఊరికే ఇవ్వనన్నట్టు. ఆదివారం అన్నిటికంటే పెద్దది. పాలేరుకు, వెట్టివాడికి తనదంటూ ఒక్క రోజు ఉండేది కాదు. తెల్లవారితే దొడ్డి, పొద్దుగూకితే కళ్ళం. అట్లాంటివాడు పోయి దొరముందు నిలబడి, ఏడింట ఒక రోజు నాది, ఆ రోజు నేను తెల్లగుడ్డ కట్టుకుని కూర్చుంటాను అన్నాడు. వ్యక్తిస్వేచ్ఛ అన్న మాట మన పుస్తకాల్లోకి రాకముందు మా వాడల్లో దాని పేరు ఆదివారం.

ఊరు ఆ సంగతి మాకంటే ముందే గ్రహించింది. అందుకే ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారన్న చర్చ పెట్టుకోలేదు. పనిలోకి పిలవడం మానేసింది, అంగట్లో సరుకు అమ్మనియ్యలేదు, నీళ్ళ దగ్గరికి రానియ్యలేదు. మిషనరీల రాతల్లో వీటిని హింసలు అని రాసుకున్నారు. మేము వాటిని కూలితగాదాలు అని కూడా చదువుతాం.

ఇక్కడే సర్కారు మా చరిత్రలోకి వస్తుంది. దెబ్బలు తిన్నవాడు ఎవరికి చెప్పుకోవాలి? ఊళ్ళో మునసబూ కరణమూ ఆ ఊరివాళ్ళే. అప్పుడు దొరగారి చేత కలెక్టరుకు అర్జీ రాయించడం మొదలైంది. తరవాత బోర్డింగు బడిలో నాలుగక్షరాలు వచ్చాక అర్జీలు మనవాళ్ళే రాశారు. బైబిలు చదవడానికి నేర్చుకున్న అక్షరమే అర్జీ రాయడానికీ పనికొచ్చింది. సర్కారు మీద ఆధారపడటం అంటున్నారే, అది సోమరితనంతో మొదలు కాలేదు. ఊరిని దాటి పైకి మాట చేర్చడంతో మొదలైంది.

సర్కారు మాత్రం అంత తొందరపడలేదు. 1850 నాటి 21వ చట్టం మతం మారినవాడి ఆస్తిహక్కు పోదని చెప్పింది. ఆస్తి ఉన్నవాడికి అది మంచి చట్టమే. మా తాతలకు పోగొట్టుకోవడానికి ఆస్తి ఏది? 1858లో రాణీగారి ప్రకటన మతవిషయాల్లో జోక్యం చేసుకోమంది. ఊరి కట్టుబాట్లు కూడా మతంలో భాగమే అనుకున్నచోట ఆ తటస్థత ఎవరికి పనికొచ్చిందో చెప్పనక్కర్లేదు. ఇదే మద్రాసు రాజధానిలో, 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అంటరానివారి బానిసబతుకు మీద నివేదిక రాశాడు. ఆ ప్రశ్నను పైకి తెచ్చినవాళ్ళలో మిషనరీలూ ఉన్నారు. అణగారిన కులాలకు భూమి, బడి చూసే లేబర్ కమిషనరు వ్యవస్థ 1920 ప్రాంతానికిగాని రాలేదు. అంటే విశ్వాసం వాడకు చేరిన రెండు తరాల తరవాత సర్కారు వాడకు చేరింది.

మిషను తల్లిలా చూసుకుందని పొగడటం మా పని కాదు. అది కూడా ఒక యజమానే. దొరగారి చీటీ ఉంటేనే బోర్డింగులో సీటు, పంతులు ఉద్యోగం, ఆసుపత్రిలో కాంపౌండరు పని. ఎదురు మాట్లాడితే చీటీ రాదు. మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా కూర్చోవడాన్ని చూసీ చూడనట్టు వదిలేసింది కూడా ఆ మిషనే. అంబేడ్కర్ ఈ లోపాన్ని గట్టిగానే పట్టుకున్నాడు. ఆయన పోయాక 1989లో వెలువడిన రచనల ఐదో సంపుటంలో క్రైస్తవంలో చేరిన అంటరానివారి స్థితి గురించి రాసిన భాగం ఉంది. నీ కష్టానికి కారణం నీ పాపమే అని బోధిస్తే సమాజం చేసిన అన్యాయం కనబడదని, అందుకే ఈ సంఘం తన హక్కుల కోసం కూడి పోరాడలేకపోయిందని ఆయన విమర్శ. మేము ఈ విమర్శను తలకెత్తుకుంటాం. కానీ మా పల్లెల ఆదివారాన్ని కూడా దాని పక్కన పెట్టి చూడమంటాం.

రెండు కుర్చీల మధ్య

ఇప్పుడు అసలు ముడి. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో షెడ్యూల్డు కులాలకు 30, భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాల కింద 8 ఇచ్చారు. ఒకే మనిషి రెండుచోట్లా ఉండకూడదు గనుక, భారతీయ క్రైస్తవుడెవడూ షెడ్యూల్డు కులాలవాడు కాడని 1936 ఉత్తర్వులో రాశారు. అంటే ఆనాటి గీత పుట్టింది సీట్ల లెక్కలో. ఒకచోట తీసేశారు, ఇంకోచోట ఎంతో కొంత ఇచ్చారు.

ప్రత్యేక నియోజకవర్గాలు క్రైస్తవ పెద్దల్లో చాలామందికి ఇష్టం లేదు. దోర్నకల్ బిషప్ అజరయ్య వాటిని బాహాటంగా వ్యతిరేకించాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయిన మనిషి ఆయన. ఆయన మేత్రాసనంలో ఎక్కువమంది మాలమాదిగలే. సంఘం ఓట్ల గుంపుగా మారితే విశ్వాసం చెడుతుందని ఆయన భయం. ఆ భయంలో నిజాయితీ ఉంది. రాజ్యాంగసభలో అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ, బెంగాలీ క్రైస్తవుడు. 1949 మే నెలలో మతాల ప్రాతిపదికన సీట్లు వద్దని తేల్చినప్పుడు క్రైస్తవ నాయకులు దాన్ని త్యాగంగా స్వీకరించారు. చదువు, ఉద్యోగం ఉన్నవారి త్యాగం అది. ఆ త్యాగం బిల్లు ఎవరికి వచ్చింది?

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వెలువడింది. దాని మూడో పేరా ప్రకారం హిందూమతం కాని మతాన్ని అవలంబించేవాడు షెడ్యూల్డు కులాలవాడు కాడు. సిక్కుల్లో నాలుగు కులాలకే అప్పుడు మినహాయింపు ఇచ్చారు. 1956లో దళిత సిక్కులందరినీ, 1990లో బౌద్ధులనూ కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. 1936లో గీత గీసిన కారణం, అంటే ఆ 8 సీట్లు, 1949లోనే పోయింది. గీత మాత్రం మిగిలింది. రెండు కుర్చీలు చూపించి, ఒకటి పెద్దమనుషులు వదులుకున్నారు, రెండోది సర్కారు లాగేసింది. దళిత క్రైస్తవుడు నేల మీద కూర్చున్నాడు.

అదే రాజ్యాంగం 25వ అధికరణంలో మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. ఎవరికి? హాస్టలు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం సర్కారు దగ్గర అడగనక్కర్లేనివాడికి ఆ స్వేచ్ఛ పూర్తిగా ఉంది. ఆయన ఏ మతంలోకైనా పోవచ్చు, ఏమీ పోదు. అడగక తప్పనివాడికి మాత్రం మనస్సాక్షికి రేటు కట్టారు.

కోర్టు మెట్ల మీద

ఈ రేటు ఎట్లా పనిచేస్తుందో మన గుంటూరు చూపిస్తుంది. మాదిగ తల్లిదండ్రులు క్రైస్తవంలోకి మారాక పుట్టిన ఒక యువకుడు 1973లో ఆర్యసమాజం వారి ద్వారా హిందువయ్యాడు. గుంటూరు వైద్య కళాశాలలో షెడ్యూల్డు కులాల సీటు అడిగాడు. పుట్టుకతో హిందువు కాదని కాదన్నారు. 1976లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కులం వారు తిరిగి అంగీకరిస్తే అతను ఆ కులంవాడే అవుతాడని చెప్పింది. 1983లో వచ్చిన ఇంకో తీర్పు, మతం మారినప్పుడు కులానికి గ్రహణం పడుతుంది, తిరిగొస్తే విడుస్తుంది అన్నట్టు తేల్చింది. గ్రహణం పట్టినంత మాత్రాన సూర్యుడు లేకుండా పోడు కదా. కులం పోలేదని కోర్టే ఒప్పుకున్నట్టు. పోయింది సర్టిఫికేటు ఒక్కటే.

1985 సంగతి ఇంకా చేదు. మద్రాసులో పేవ్‌మెంటు మీద చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయనకు, ఆ పని చేసేవాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న బంకు దక్కలేదు. ఆది ద్రావిడుడే, పని అదే, కూర్చున్న చోటూ అదే. క్రైస్తవుడైనందుకు ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. మతం మారాక కూడా కులం ఉండవచ్చుగాని, ఆ పీడన కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉందని చూపించే ఆధారాలు చాలవని 1985 సెప్టెంబరు 30న కోర్టు చెప్పింది.

ఆధారాలు చాలవట! అప్పటికి సరిగ్గా 75 రోజుల కిందట, జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. చనిపోయినవాళ్ళ పేర్లు చదివితే బైబిలు చదివినట్టే ఉంటుంది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాలకు పరుగెత్తి, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. గొడ్డలి ఎత్తినవాడు మీరు హిందువులా క్రైస్తవులా అని అడగలేదు. బాప్తిస్మం అయినవాణ్ణి విడిచిపెట్టలేదు. కారంచేడుకు తెలిసిన సంగతి ఢిల్లీకి తెలియడానికి ఇంకేం ఆధారం కావాలి? ఆరేళ్ళకు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక మధ్యేమార్గం పట్టింది. 1970లో వెనకబడిన తరగతుల జాబితా తయారైనప్పుడు క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారిని 'సి' గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చింది. 1977లో చట్టబద్ధం కాని కొన్ని రాయితీలను ఎస్సీలతో సమానంగా ఇచ్చింది. మంచిదే. కానీ ఆ 1 శాతంతో చట్టసభలో సీటు రాదు, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ రాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో సరిగ్గా ఈ మాటే చెప్పింది. క్రైస్తవుడిగా బతుకుతున్నవాడు ఆ చట్టం కింద ఫిర్యాదు చెయ్యలేడంది. సర్టిఫికేటు చేతిలో ఉన్నా లాభం లేదంది. కమిషన్లు వేశారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరా తీసెయ్యమంది. 2022 అక్టోబరులో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. తీర్మానానికీ చట్టానికీ మధ్య ఇంకో తరం పదో తరగతి పాసై పోతోంది.

మనలో మనం

ఇంతవరకూ ఊరినీ సర్కారునూ అడిగాం. మన ఇంటిని కూడా అడగాలి.

మన వాడల్లో ఇంట్లో మరియమ్మ, బడిలో లక్ష్మి. ఆదివారం దానియేలు, సోమవారం వెంకటేశ్వర్లు. ఇది మోసం అని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో దాదాపు అదే అర్థం వచ్చే మాట అంది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమే అంది. మేము అడిగేది, వంచించే అవసరం ఎవరు కల్పించారని. అయినా ఆ రెండు పేర్ల బతుకు మనకేమీ చెయ్యలేదని బుకాయించలేం. పిల్లలకు మొదట నేర్పే పాఠం, ఎక్కడ ఏ పేరు చెప్పాలన్నదే అయింది. సంఘంలో నిజం పలకమని పాస్టరు చెబుతాడు. బయటికొచ్చి అదే పాస్టరు తన కొడుకు ఫారంలో హిందూ అని రాస్తాడు. మాట్లాడాల్సిన చోట మాట్లాడలేని సంఘం తయారైంది. ఎస్సీ సభలో మేం క్రైస్తవులమని చెప్పలేం. క్రైస్తవ సభలో ఎస్సీ అని చెప్పలేం. అంబేడ్కర్ చూసిన ఆ నోరులేనితనానికి ఇవాళ కారణం బోధ ఒక్కటే కాదు, భయం కూడా.

సంఘపెద్దలకూ ఒక మాట. ప్రభుత్వాన్ని ఆశ్రయించడం విశ్వాసలోపం అంటున్నారు. మీ ఆసుపత్రులూ కాలేజీలూ ప్రభుత్వ గ్రాంటు తీసుకుంటే లోపం కాదు, కూలివాడి కూతురు స్కాలర్‌షిప్పు అడిగితే లోపమా? ఊరి మీద ఆధారపడటానికీ ప్రభుత్వం మీద ఆధారపడటానికీ తేడా ఉంది. దొర ఇచ్చేది దయ. వద్దనుకుంటే ఆపేస్తాడు, అడిగితే కొడతాడు. చట్టం ఇచ్చేది హక్కు. ఆపితే కోర్టుకు పోవచ్చు. మొదటిదాంట్లో తల వంచాలి, రెండోదాంట్లో సంతకం పెట్టాలి. మన పెద్దలు తల వంచడం నుంచి సంతకం దాకా వచ్చారు. ఆ సంతకం ఏ పేరుతో పెట్టాలన్నదే ఇప్పుడు తగాదా. అందుకే మూడో పేరా పోవాలన్న డిమాండు రిజర్వేషన్ డిమాండు మాత్రమే కాదు. సొంత పేరుతో సంతకం పెట్టే స్వేచ్ఛ కోసం.

పరిశోధకులుగా మాకొక ఇబ్బంది ఉంది, అది చెప్పి ముగిస్తాం. ఈ పని మీద తిరుగుతూ కొన్ని పాత చర్చి రిజిస్టర్లు చూశాం. చెదలు తిన్న కాగితాల్లో మన తాతముత్తాతల పాతపేర్లు, పక్కనే కొత్తపేర్లు, బాప్తిస్మం తేదీలు. మా జాతికి మొదటిసారి ఎవరో పేరు పెట్టి, తేదీ వేసి రాసిన చరిత్ర అది. వాటిని అచ్చు వెయ్యాలని మా ఆశ. కానీ ఒక్క పేరు కూడా ఇక్కడ రాయలేదు. ఆ పేర్ల కింది తరాలు ఉద్యోగాల్లో ఉన్నాయి. మేము చరిత్ర అనుకుని రాసింది రేపు ఏదో కార్యాలయంలో సాక్ష్యంగా మారుతుంది.

మా నాయనమ్మ పోయాక ఆమె బైబిలు మాకు వచ్చింది. కీర్తనల దగ్గర తెరిస్తే ఇప్పటికీ నూకలు రాలతాయి. చర్చి రిజిస్టరులో ఆమెది ఒక పేరు, మరణ ధ్రువపత్రంలో ఇంకో పేరు. ఈ వ్యాసం ఆమెకు అంకితం చేద్దామనుకున్నాం. ఏ పేరు రాయాలో తేలలేదు.